రేడియోలోంచి తీసిన సెల్లు

మొన్న పొద్దున చెవి మిషన్ పెట్టుకుంటే ఏ చప్పుడూ వినిపించలేదు. రాందాస్ చౌరస్తా దగ్గరి దుకాణానికి తీసుకెళ్తే, అక్కడి ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాడు. "దీంట్ల బ్యాటరీ మార్చరాదమ్మా, లోపటనే సీల్ చేసి ఉంటది. కంపెనీకి పంపాలె. ఎన్ని దినాలైతదో చెప్పలేను." శనగగింజంత ఉన్న ఆ మిషన్‌ను గుప్పిట్లో పట్టుకుని ఇంటికి నడుస్తుంటే, మా అత్తమ్మ గుర్తొచ్చింది.

ఆమెకు నడివయసులోనే చెవుడు వచ్చింది. నేను కోడలిగా వచ్చేనాటికే అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద మిషన్ ఒకటి వాడేది. దాన్ని రవికె లోపలి జేబులో పెట్టుకుని, సన్నని తీగను మెడ పక్కనుంచి చెవికి తెచ్చుకునేది. అందులో వేసేది ఒక్క పెన్సిల్ సెల్లు. గోడ గడియారానికీ, జేబు రేడియోకూ పట్టే అదే సెల్లు, కిరాణా దుకాణంలో సబ్బుల పక్కన దొరికేది. మెదక్‌లో కొన్నా, ఎల్దుర్తి బస్టాండు దగ్గరి పాన్‌డబ్బాలో కొన్నా పొడవూ లావూ ఒకటే కాబట్టి, అత్తమ్మ ఎక్కడికైనా ఒంటరిగా ధైర్యంగా బయలుదేరేది. చికాకులూ లేకపోలేదు. కొత్తవని కొన్నవి కొన్ని నాలుగు రోజులకే నీరసించేవి, వాటిని ఎండలో పెట్టి ఇంకో పూట లాగించేవాళ్లం. అయిపోయినవి పెరట్లో విసిరేస్తే, పిల్లలు పగలగొట్టి లోపలి నల్లకడ్డీతో గోడల మీద బొమ్మలు గీసేవాళ్లు. ఆ మసి మట్టిని ఏం చేస్తుందో అప్పట్లో మేమెవరం ఆలోచించలేదు.

అత్తమ్మకు ఒక్కడే తమ్ముడు, రేగోడ్‌లో ఉండేవాడు. ఆయన భార్య పోయినప్పుడు మాకు కబురు అందలేదు, ఈమె వెళ్లలేదు. కబురు పంపలేదని ఈమెకు కోపం, రాలేదని ఆయనకు కోపం, అట్లా ఏళ్లు గడిచిపోయాయి. చివరికి ఆయన మంచం పట్టాడని తెలిసి, ఎవరూ పిలవకపోయినా అత్తమ్మే నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

మేం వెళ్లేసరికి ఆయన నులక మంచంలో గోడకు ఒరిగి, దిండు పక్కన జేబు రేడియో పెట్టుకుని పాటలు వింటున్నాడు. జబ్బుతో గొంతు బాగా సన్నబడిపోయింది. అక్కను చూసి లేవబోయి, లేవలేక, ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే అత్తమ్మ చేయి రవికె దగ్గరికి పోయింది.

"ఇనొస్తలేదు తమ్మీ, మిషన్ బందైంది."

సంచిలో ఇంకో సెల్లు లేదు. ఆ రోజు ఊళ్లో దుకాణాలు మూసి ఉన్నాయి. ఆయన కోడలు తాను గట్టిగా అరిచి చెప్తానంది గానీ ఆయన తల అడ్డంగా ఊపాడు. కొన్ని మాటలు ఇంకొకరి గొంతుతో చెప్పించేవి కావు. రేడియోను కోడలి వైపు జరిపాడు.

"గిండ్లకెల్లి సెల్లు తీసి అక్కకు పెట్టు బిడ్డా."

"రేడియో బందైతది మామా."

"కానియ్యి. పాటలు దినాం ఇంటనే ఉన్న గదా."

పాట సగంలో ఆగిపోయింది. కోడలు ఇచ్చిన సెల్లును నేను అత్తమ్మ మిషన్‌లో వేసి మూత బిగించాను. చెవిలో చిన్న కీచు శబ్దం వచ్చిందేమో, ఆమె మొహం ఒక్కసారి తేటపడింది. మంచం పట్టె మీద కూర్చుని తమ్ముడి మీదికి వంగింది.

"నేను పంపిన మనిషి నీ దాక రాలేదట అక్కా. నాకు తర్వాత ఎరుకైంది. ఎరుకైనంక గూడ మొఖం చెల్లక రాకపోయిన."

అత్తమ్మ చాలాసేపు ఆయన చేయి వదల్లేదు. "గింత మాటకు గిన్నేండ్లు చేసినవా తమ్మీ," అని మాత్రం అంది. ఆ తర్వాత సాయంత్రం బస్సు వేళయ్యేదాకా వాళ్లిద్దరూ ఏవేవో చిన్ననాటి మాటలు చెప్పుకుంటూనే ఉన్నారు. నేనూ, ఆయన కోడలూ వాకిట్లో కూర్చున్నాం.

ఆ వానాకాలం ఆయన దాటలేదు. ఇక తాను వినవలసినదేం మిగిలిందంటూ అత్తమ్మ మిషన్‌ను స్టీలు డబ్బాలో పెట్టేసింది. మరుసటి ఏడు నాకు కూతురు పుట్టినప్పుడు, పిల్ల ఏడుపు వినాలని ముచ్చటపడి డబ్బా తెరిస్తే, లోపలే ఉండిపోయిన సెల్లు కారి, తెల్లటి పొక్కు కట్టి, స్ప్రింగును తినేసింది. ఇంకో మిషన్ కొనేసరికి నా బిడ్డ మాటలు కూడా నేర్చింది. మనవరాలి తొలి ఏడుపులూ కేరింతలూ ఆమెకు దక్కనేలేదు.

అందుకని పాత సెల్లే బంగారమని నేను అనను. నా మిషన్ కారదు, బరువు లేదు, బాగున్నన్నాళ్లూ పక్కగదిలో కుక్కర్ ఈల కూడా వినిపిస్తుంది. అయినా ఇప్పుడు ప్రతి వస్తువుకూ దాని బ్యాటరీ దాని కడుపులోనే. ఒకదానిది ఇంకోదానికి పట్టదు, నాది ఆగిపోతే నీది తీసి ఇవ్వలేవు. "జర ఒక సెల్లుంటే ఇయ్యుండ్రి" అంటూ పక్కింటివాళ్లు మా గడప ముందు నిలబడి ఎంత కాలమైందో గుర్తు కూడా లేదు.