తామ్వే ట్రైలర్ క్లెయిమ్‌లో నేను రాయని సగం

2023 వానాకాలం. యాంగోన్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీకి సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. దెబ్బతిన్న బండిని చూసి, ఏం పోయిందో, ఎందుకు పోయిందో రాసిచ్చేవాడే సర్వేయర్. కార్లు, లారీలు ఎన్ని చూశానో లెక్కలేదు గానీ, ట్రావెల్ ట్రైలర్ మాత్రం ఆ ఒక్కటే చూశాను.

కారు వెనక తగిలించుకుని పోయే చిన్న ఇల్లు అది. అల్యూమినియం రేకులు, గుండ్రటి మూలలు, లోపల మడత మంచం. ఎప్పుడో రోడ్డు పనులకొచ్చిన విదేశీ ఇంజినీరు వదిలేసి పోతే, ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒకాయన కొని ముద్దుగా బాగుచేసుకున్నాడు. ఆయన పోయాక భార్య దాన్ని తామ్వే పేటలో ఇంటి పక్క ఖాళీ స్థలంలో పెట్టి, పెళ్ళి ఫొటోలకు అద్దెకిస్తూ ఇల్లు నడుపుతోంది. పాలసీలో ఆమె పేరు డా ఖిన్ మ్యా. డా అంటే ఇక్కడ పెద్దావిడకిచ్చే మర్యాద. మనిషి మాత్రం మన తెలుగావిడే.

అంత పాత బండికి బజారు ధర కడితే తుక్కు ధరే వస్తుంది. అందుకని ఇలాంటివాటికి అగ్రీడ్ వాల్యూ పెడతారు. అంటే విలువెంతో ముందే ఇద్దరూ ఒప్పుకుంటారు. బండి పూర్తిగా పోతే, అంటే టోటల్ లాస్ అయితే, ఆ మొత్తం ఇవ్వాలి. ముందునుంచీ ఉన్న లోపాన్ని యజమాని తనంతట తాను చెబితే ఆ మేరకు కోస్తారు. తెలిసీ దాచారని తేలితే క్లెయిమ్ మొత్తానికే ఎసరు.

ఇక నా సంగతి. ఇంట్లో నేను అప్పలస్వామిని, ఆఫీసులో ఊ మౌంగ్ తేన్‌ని. ఊ అంటే మగవాళ్ళకిచ్చే మర్యాద. ఇండియా మూలాలవాళ్ళను ఎగతాళి చేసే మాట ఒకటి ఇక్కడుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అది నాకు గట్టిగానే తగిలింది. అప్పటినుంచి గేటు దాటితే తెలుగు నోట్లోంచి రానివ్వలేదు. ఎవరైనా మాట్లాడుతుంటే గోడలా నిలబడటం అలవాటు చేసుకున్నాను.

ఆ రోజూ అలాగే నిలబడ్డాను. గాలివానకు పక్కనున్న పాత నిద్రగన్నేరు చెట్టు విరిగి ట్రైలర్ నడుం మీద పడింది. చూడగానే టోటల్ లాసని తెలిసిపోయింది. నేను ఫొటోలు తీస్తుంటే, ఆమె కొడుకు తల్లికి దగ్గరగా వచ్చి తెలుగులో అన్నాడు:

“అమ్మా, ఎనక సట్రం పోయినేడే తుప్పట్టిపోనాదని సెప్పకు. ఈయనకేటి తెలుస్తాది?”

ఆమె కొడుకు వైపు చూడలేదు. నన్నే చూస్తూ అంది:

“అడిగితే సెప్పేస్తాను. దాసి తినడం మీ నాన్నకీ తెల్దు, నాకూ తెల్దు.”

నేను అడగలేదు. తిన్నగా వెనక్కి నడిచి, బురదలో మోకాళ్ళేసి, చట్రం కింద టార్చి కొట్టాను. వాడు చెప్పినచోటే పాత తుప్పు కనిపించింది. “ఎంత అనుభవం ఉంటే ఇలా పట్టుకుంటారు!” అన్నాడు నా వెంట వచ్చిన డ్రైవరు. నాకు లోపల్లోపల గర్వంగానే అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

రిపోర్టులో ఇలా రాశాను: వెనక చట్రంలో పాత తుప్పు, దాని పాతదనం చూస్తే యజమానికి ముందే తెలుసు, తెలియజేయలేదు. ఒక్కటీ అబద్ధం కాదు. మేనేజరు పిలిచి, ఆమె తనంతట తాను చెప్పే ఉద్దేశం ఏమైనా కనబడిందా అని అడిగాడు. అవునంటే ఎలా తెలిసిందంటాడు. ఏ భాషలో విన్నావంటాడు. లేదు సార్ అన్నాను. చివరికి రాజీ కింద సగం ఇచ్చారు. ఇకమీదట ఆమెకు కొత్త పాలసీ ఇచ్చేది లేదన్నారు. సాల్వేజ్, అంటే చెల్లింపయ్యాక మిగిలే శిథిలం, కంపెనీదే కాబట్టి తుక్కు కొట్టువాడు వచ్చి కోసుకుపోయాడు. ఆ సగం డబ్బు అప్పులకు సరిపోయింది. మళ్ళీ బండి కొనుక్కునే దారి ఆమెకు లేకుండా పోయింది.

చెల్లింపు కాగితాల మీద సంతకానికి ఆమె ఒక్కతే ఆఫీసుకొచ్చింది. చుట్టూ మా వాళ్ళందరూ ఉన్నారు. కుర్చీలో కూర్చుని, నెమ్మదిగా తెలుగులో అంది:

“బాబూ, మీ అమ్మా నేనూ ఒకే గుడికి ఎల్తాం. నువ్వెవరివో నాకు మొదటి రోజే తెల్సు. నువ్వు మన మాటలో ఒక్కసారి అడుగుతావని సూసినాను. అడిగుంటే నా నోటితో నానే సెప్పేదాన్ని.”

పక్క టేబులు అతను తలెత్తి నా వైపు చూశాడు. నేను కాగితం ఆమె ముందుకు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో బర్మా భాషలో చెప్పాను.

ఆమె పెట్టి వెళ్ళిపోయింది.

ఈ కేసు ఏం నేర్పిందంటే, సర్వేయర్ విన్నదంతా రాయాలి, లేదా విన్నది వాడుకోకూడదు. తనకు పనికొచ్చే సగం మాత్రం రాస్తే, అందులో ప్రతి అక్షరం నిజమైనా అది దొంగతనమే. ఇప్పుడు తెలుగువాళ్ళ క్లెయిమ్‌కు వెళ్తే గుమ్మంలోనే తెలుగులో పలకరిస్తున్నాను. దాంతో ఆవిడకు ఒరిగిందేమీ లేదు.

పోయిన నెల అమ్మను గుడి దగ్గర దింపడానికి వెళ్తే ఆవిడ ఎదురుపడింది. అమ్మతో తెలుగులో కబుర్లు చెప్పింది. నా వైపు తిరిగి, బర్మా భాషలో, ఎంతో మర్యాదగా, బాగున్నారా సార్ అని అడిగింది.