బొగ్గుబాయిలో నాయన గాలి అడిగిన రోజు

నా చిన్నప్పుడు... మా నాయన క్యారియర్ మూత కూడా తీయకుండా ఇంటికి తిరిగి తెచ్చిన వారం అది.

మాది బోగోలు దగ్గర పల్లె. నాయన గోదావరి అవతల బొగ్గుబాయిలో పనికి కుదిరితే, అమ్మా నేనూ వెంట వెళ్ళాం. భూమి లోపల తట్టతో బొగ్గెత్తి టబ్బులు నింపడం ఆయన పని. టబ్బంటే పట్టాల మీద నడిచే ఇనుప తొట్టి.

ఆ వారం నాయన నింపే టబ్బులు బాగా తగ్గాయి. "ఇంకో రెండు రోజులు చూస్తా. తర్వాత నిన్ను పనిలోంచి తీసేస్తా" అన్నాడట పని చూసే ఓవర్‌మెన్.

నాయన నీరసపడ్డాడనుకుంది అమ్మ. సంగటి ముద్ద పెద్దది చేసింది, ఎండుచేపల పులుసు కట్టింది... అదీ తిరిగొచ్చింది.

"ఏంది, నా వంట చేదయిందా?"

"కూడు చాలక కాదు మేయ్... గాలి చాలక. కింద మోకాళ్ళదాకా నీళ్ళు, పైన ఒకటే ఉక్క. నాలుగు తట్టలెత్తితే కళ్ళు తిరగతుండాయి. ఇంక అన్నం యాడ దిగుద్ది?"

మర్నాడు అమ్మ ఉప్పేసిన గంజి సీసా చేతికిచ్చింది. "ఇది తాగు. తీసేస్తానన్న ఆ పెద్దమనిషిని నువ్వు పనిచేసే కాడికి పిలిచి గాలి అడుగు. నువ్వు అడగకపోతే నేనే బాయి కాడికొస్తా."

నాయనకు సిగ్గెక్కువ. నాకూ ఆయన పోలికే. కానీ ఆ రోజు తట్ట కింద పెట్టి, "అయ్యా, నేనొక టబ్బు నింపేదాకా నా పక్కన నిలబడండి. తర్వాత తీసేయండి" అన్నాడట.

నాయనతో పనిచేసే సుబ్బయ్య మామ సాయంత్రం మా ఇంటికొచ్చి ఒకటే నవ్వు... "సగం టబ్బుకే ఆ ఓవర్‌మెన్ చొక్కా గుండీలు ఇప్పేసినాడక్కా! కళ్ళజోడు తుడిచిందే తుడిచినాడు!"

మర్నాడే గాలిని లోపలికి మళ్ళించే గుడ్డ పరదాను నాయన పనిచేసే చోటుదాకా కట్టారు. నీళ్ళు తోడడానికి పంపు పెట్టారు. నాలుగు రోజుల్లో టబ్బులు ఎప్పటిలా నిండాయి... చేతులు అవే, తట్టా అదే. నాయన పని నిలిచింది.

ఇప్పుడు నా కాపురం కృష్ణపట్నం దగ్గర. ఓడల్లో వచ్చిన బొగ్గు బెల్టు మీద పోతుంటే చూస్తుంటాను. బాయిల్లోనూ యంత్రాలే తవ్వుతున్నాయంటారు... మంచిదే. కానీ తట్టతో ఎత్తిన వాళ్ళ మాటలు చెప్పేవాళ్ళు తగ్గిపోతున్నారు.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా నోరు తెరిచి అడిగి పని నిలబెట్టుకున్నారా... రాయండి. ఈసారి బోగోలు వెళ్ళినప్పుడు నాయనకు చదివి వినిపిస్తాను.