అత్తయ్య ఊపిన దుప్పటి

మా ఇంట్లో పాత ఫోటోలు చూసినవాళ్ళంతా ఇవి ఏ స్టూడియోలో తీయించారండీ అని అడుగుతారు. మనుషుల వెనక గోడ లేదు, తలుపు లేదు, చెట్టు లేదు. లేత బూడిదరంగు ఒక్కటే పరుచుకుని ఉంటుంది. దాని ముందు మా తాతయ్య మీసం, నాయనమ్మ కాసులపేరు, అక్క పెళ్ళిచీర అంచు స్పష్టంగా తేలి కనిపిస్తాయి. స్టూడియో లేదు, గాడిదగుడ్డూ లేదు, అవన్నీ మా పెరట్లో తీసినవే అంటే నమ్మరు. ఆ బూడిదరంగు మా మేనత్త చేతిపని అంటే అసలే నమ్మరు. నమ్మకపోతే పోనీ, నేను చెప్పేది చెబుతాను.

కంకిపాడు దగ్గర కాలువ గట్టున మా ఊరు. మాది నేతపని ఇల్లు. తాతయ్యా నాన్నా మగ్గం మీద ఉంటే ఆడవాళ్ళు రాట్నం తిప్పి కండెలు చుట్టేవాళ్ళు. నేసిన గుడ్డలు నాన్న బెజవాడ తీసుకెళ్ళి అమ్మేవాడు. మా అత్తయ్య నాన్నకు చెల్లెలు. ఊహ తెలిసీ తెలియని వయసులో పెళ్ళి చేశారు, కాపురానికి వెళ్ళకముందే ఆ పిల్లవాడు జ్వరం వచ్చి పోయాడు. అప్పటినుంచీ తెల్లచీరతో పుట్టింట్లోనే ఉండిపోయింది. నన్ను కన్నది మా అమ్మే గాని తల దువ్వింది, అన్నం పెట్టింది, అల్లరి చేస్తే వీపు మీద ఒక్కటి వేసింది అత్తయ్య. నాకు ముక్కు మీద కోపం. ఆవిడకు కోపమనేదే లేదు. ఆవిడ పడాల్సిన కోపం కూడా నేనే పడేదాన్ని.

ఫోటోలాయన బెజవాడ నుంచి బొగ్గు బస్సులో వచ్చేవాడు. యుద్ధం రోజులవి, పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. మొదటిసారి తాతయ్య షష్టిపూర్తికి వచ్చాడు. మూడుకాళ్ళ పెద్ద కెమెరా, నల్లగుడ్డ, మెట్లూ స్తంభాలూ బొమ్మలేసిన తెర వెంట తెచ్చుకున్నాడు. బస్సు మీద కట్టిన ఆ తెర దారిలో ఎక్కడో తగులుకుని నిలువునా చిరిగిపోయింది. పాపం ఆయన ముఖం పాలిపోయింది. వెనక మా పెంకుటింటి గోడ, దాని మీద పిడకలు. ఆ పిడకలు ఫోటోలో పడతాయేమోనని నాయనమ్మ గోల.

"ఏదైనా పెద్ద గుడ్డ ఉందా అండీ?" అని అడిగాడాయన.

నేతవాళ్ళ ఇంట్లో గుడ్డకు కరువా అనుకుంటారు. నూలు కంట్రోలు రోజుల్లో నేసింది నేసినట్టే బెజవాడ పోయేది. ఇంట్లో మిగిలిన పెద్ద గుడ్డ, నాన్న తన పెళ్ళికి ముందెప్పుడో నేసుకున్న నీలం గళ్ళ దుప్పటి ఒక్కటే. ఫోటోలాయన దాన్ని చూసి తల గోక్కున్నాడు. గళ్ళు ఫోటోలో పడితే చూసేవాళ్ళ కన్ను వాటి మీదకే పోతుందట, మనిషి ముఖం మీద నిలబడదట. కాసేపు ఆలోచించి, ఒక కొస పాక గుంజకు కట్టి, రెండో కొస ఎవరైనా పట్టుకుని ఆగకుండా ఊపాలన్నాడు. కెమెరా మూత తీసి ఉంచినంతసేపూ ముందు కూర్చున్నవాళ్ళు కదలకూడదు, వెనక గుడ్డ ఆగకూడదు. కదలనిది ఫోటోలో నిలుస్తుంది, కదిలేది చెదిరిపోతుంది. అట్లా చేస్తే గళ్ళూ మడతలూ అన్నీ కలిసిపోయి ఒకటే రంగు అవుతుంది.

"ఫోటోలో కూర్చోనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ, పట్టుకోడానికి?"

ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. నడిమధ్య కుర్చీలో తాతయ్య, పక్కన ఇంత బొట్టు పెట్టుకుని నాయనమ్మ. ఫోటోలో లేని మనిషి మా ఇంట్లో ఒక్కతే. శుభమా అని ఫోటో తీయించుకుంటుంటే ఎదురుగా నిలబడతావేంటే అని అంతకుముందే నాయనమ్మ ఆవిణ్ణి వంటింట్లోకి తరిమింది. ఇప్పుడు మళ్ళీ తనే పిలిచింది.

"ఏమే, వచ్చి ఈ దుప్పటి పట్టుకో. కనపడకుండా పట్టుకో."

అత్తయ్య వచ్చి పట్టుకుంది. ఆయన "కదలకండి" అన్నాడు. మేం బిగుసుకుపోయాం, ఆవిడ ఊపడం మొదలుపెట్టింది. రాట్నం తిప్పిన చెయ్యి కదా, ఎగుడుదిగుడు లేకుండా ఊపేది. వెనకనుంచి సన్నగా సరసర చప్పుడు వినిపిస్తూ ఉండేది. ఫోటో వచ్చాక చూస్తే ఒక్క గడి లేదు, ఒక్క మడత లేదు. బెజవాడలో తన బొమ్మల తెర కూడా ఇంత బాగా ఉండదని ఫోటోలాయనే అన్నాడు. ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడొచ్చినా తెర తెచ్చుకోలేదు. వస్తూనే దుప్పటావిడ ఉన్నారా అని అడిగేవాడు.

అక్క పెళ్ళికి తీసిన ఫోటోలో మాత్రం చిన్న పొరపాటు జరిగింది. అంచున అత్తయ్య వేళ్ళు పడ్డాయి. బాగా పరకాయించి చూస్తే తప్ప తెలియదు. నాయనమ్మ కళ్ళు మామూలు కళ్ళా, చూసేసింది. పెళ్ళి ఫోటోలో బోడిచెయ్యి ఏంటి, కత్తిరించండి అంది. ఆయన సంచీలోంచి కత్తెర తీసి అంచు కత్తిరించి ఇచ్చాడు. కింద పడిన ఆ పీలికను అత్తయ్య ఊడుస్తున్నట్టు వంగి తీసుకుని కొంగున ముడేసుకుంది. తర్వాత ఆవిడ రేకుపెట్టెలో అది నా కంటపడింది. ఇదెందుకు దాచావని అడిగాను.

"నా చెయ్యే కదే. నా దగ్గర ఉంటే తప్పేంటి?" అంది నవ్వి.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. వెళ్ళి నాయనమ్మతో పోట్లాడి తిట్లు తిని వచ్చాను.

నా పెళ్ళి నాటికి యుద్ధం అయిపోయింది గాని ఏ సరుకూ సరిగ్గా దొరికేది కాదు. ఫోటోలాయన ఆ రోజు బొమ్మ పడే గాజు ప్లేట్లు రెండే తెచ్చాడు. ఒకటి మాకు, ఒకటి ఆ మొదటిది చెడితే పనికొస్తుందని. అత్తయ్య ఎప్పటిలాగే దుప్పటి ఊపింది. నేనూ మావారూ బాసికాలతో కూర్చున్నాం. ఆయన మూత తీసి, మూత పెట్టి, బాగా వచ్చి ఉంటుందండీ, రెండోదానితో పనిలేదు అన్నాడు.

అప్పుడు అత్తయ్య దుప్పటి కొస వదిలేసి ముందుకొచ్చింది. పందిట్లో అందరూ ఉండగా నాయనమ్మ ఎదుట నిలబడింది.

"అమ్మా, ఆ రెండో ప్లేటు నాకు ఇప్పించు."

"నీకెందుకే?"

"మా ఆయన ముఖం నాకు గుర్తులేదమ్మా. పెళ్ళిలో తలొంచుకుని కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఆయన పాదాలు చూశానంతే. ఒక్క ఫోటో లేదు. రేపు నేను పోయినా అంతేగా, నా ముఖమూ ఎవరికీ గుర్తుండదు. ఒక్కసారి తీయించు."

ఆవిడ తనకంటూ ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి.

"పెళ్ళి పూట పోవడం గురించి మాట్లాడతావా? నీ ఫోటో ఏ గోడకు తగిలిస్తావే?" అంది నాయనమ్మ.

"గోడకు వద్దు. పెట్టెలో పెట్టుకుంటాను."

నాయనమ్మ చివాలున లేచి వంటింట్లోకి పోయింది. తాతయ్య విడిదింట్లో పెళ్ళివారి దగ్గర ఉన్నాడు, అందుకని ఫోటోలాయన నాన్న వైపు చూశాడు. మా నాన్న మెత్తని మనిషి. నేల చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెల్లెలికి ఒక్క ఫోటో తీయమని చెప్పడానికి ఈయన నోట్లో ఏం అడ్డం పడింది అనుకున్నాను. చివరికి ఎవరినీ అడగకుండా ఫోటోలాయనే ఒక పీట తెచ్చి దుప్పటి ముందు వేశాడు. కూర్చోండమ్మా అన్నాడు. అత్తయ్య కూర్చుంది. కొంగు సర్దుకుంది, జుట్టు చేత్తో అణుచుకుంది.

మరి దుప్పటి ఊపేదెవరు?

ఫోటోలాయన ఆ కొస పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ముత్తయిదువలు పక్కకు తిరిగారు. మగవాళ్ళు భోజనాల సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను లేచాను. పెళ్ళికూతురు ఆ పని చేయడమేంటని మా అత్తవారి వైపు ఎవరో అన్నారు. నాన్న నా భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఎండ పందిరి దాటి జారిపోతోంది. వెలుగు తగ్గితే ఇక తీయలేనండీ అన్నాడాయన. అత్తయ్య పీట మీదనుంచి లేవబోయింది.

"కూర్చోవే."

నాయనమ్మ. వంటింటి గుమ్మం దిగి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన చేతిలో కొస లాక్కుంది. ఎవరి ముఖమూ చూడలేదు. ప్రతి ఫోటోలో తాతయ్య పక్కన ముందు కూర్చునే మనిషి, గుంజకు ఎదురుగా, పక్కకు ఒదిగి నిలబడింది.

ఆయన నల్లగుడ్డలో తల దూర్చి చూసుకుని, బయటికొచ్చి, మూత మీద చెయ్యి వేసి, "కదలకండి" అన్నాడు.

ఆయన ఆ మాట అన్నది అత్తయ్యతో. కానీ ఇన్నేళ్ళూ ఆ మాట వినగానే బిగుసుకుపోయింది నాయనమ్మ. ఇప్పుడూ అదే చేసింది. మగ్గానికి పడుగు దారాలు లాగి పట్టుకున్నట్టు రెండు చేతులతో దుప్పటి లాగిపట్టి ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ మాట వినగానే ఊపడం అత్తయ్యకు అలవాటు. ఒళ్ళో చేతులు వాటంతటవే కదిలాయి. వెనక సరసర చప్పుడు లేదు. ఏమైందోనని ఆవిడ తల తిప్పి వెనక్కి చూసింది.

ఆయన మూత పెట్టేశాడు. ఇంకో ప్లేటు లేదు. చూద్దాం లెండి అన్నాడు గాని ఆ గొంతులోనే తెలిసిపోయింది.

ఆషాఢానికి నేను పుట్టింట్లో ఉండగా ఫోటోలు తెచ్చాడు. మా పెళ్ళి ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. రెండోది ఇవ్వడానికి ఆయనకు చెయ్యి రాలేదు. నేనే లాక్కుని చూశాను. దుప్పటి గళ్ళు లెక్కపెట్టొచ్చు. మూల చిరిగితే నాన్న వేసిన రఫ్ఫు కూడా కనిపిస్తోంది. పీట మీద తెల్లచీర కట్టుకున్న మనిషి. భుజాల దాకా మనిషే. ఒళ్ళో చేతులు ఉండాల్సిన చోట మసక. ముఖం ఉండాల్సిన చోట అలుక్కుపోయిన తెలుపు, అందులో ఒక చెవి. అంచున దుప్పటిని గట్టిగా పట్టుకున్న నాలుగు వేళ్ళు, ఉంగరం, మట్టిగాజులు స్పష్టంగా పడ్డాయి.

నేను అత్తయ్యకిచ్చాను. ఆవిడ గడపలో కూర్చుని చాలాసేపు చూసింది.

"ప్లేట్లు దొరకగానే మళ్ళీ తీస్తానమ్మా, నేనే వస్తాను" అన్నాడాయన. ఆవిడ ఫోటో మీంచి తల ఎత్తకపోయేసరికి ఏం చేయాలో తోచక సంచీలోంచి కత్తెర తీశాడు. "పోనీ ఈ అంచు కత్తిరించి ఇమ్మంటారా? చెయ్యి పడింది."

అత్తయ్య ఫోటో మీద అరచెయ్యి వేసింది.

"వద్దండీ. అది మా అమ్మ చెయ్యి."

నాయనమ్మ లోపలినుంచి వచ్చి ఏదీ ఇటివ్వు అంది. వెలుగులోకి పట్టుకుని చూసింది. దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆవిడ ఏడవడం నేనెన్నడూ చూడలేదు. ఆ రోజు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నీ ముఖం పడలేదు కదే," అంది చివరికి.

"నీ చెయ్యి పడింది గదమ్మా. చాల్లే."

ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోటో తీయించుకోమన్నా ఒకటి ఉందిగా అనేది. నాయనమ్మ పోయింది. కొన్నేళ్ళకు అత్తయ్యా పోయింది. రేకుపెట్టెలో ఆ ఫోటో, అక్క పెళ్ళినాటి పీలిక ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. రెండూ ఇప్పుడు నా దగ్గరున్నాయి.

ఆవిడకు చాలింది. నాకు చాలలేదు, ఇప్పటికీ చాలదు. ఆవిడ అడిగింది తన ముఖం ఎవరికైనా గుర్తుండాలని. ఆ ముఖం చూసినవాళ్ళలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని రాసి పెడుతున్నాను. కోల ముఖం. చామనఛాయ. నుదురు కొంచెం ఎత్తు. ఎడమ కనుబొమ చివర చిన్నప్పుడు రాట్నం తగిలిన గాటు, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. ముక్కు సూటిగా వచ్చి చివర కాస్త బుడిపెగా ఉండేది. నవ్వితే ముందు కళ్ళు నవ్వేవి, తర్వాత పెదవులు. కుడి చెంప మీద సొట్ట పడేది, ఎడమ చెంప మీద పడేది కాదు.