అడ్డపొగ

ఫిల్మ్‌నగర్‌లో నేను అద్దెకున్న ఇంటి ఓనర్లకు వంటచేసే పెద్దావిడది శ్రీకాకుళం వైపు. రోజూ సాయంత్రం మేడమీద ఒంటరిగా కూర్చుని, చుట్టను నిప్పున్న కొసవైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది.

కారం తగిలితే నోరు మండుతోందని ఓసారి అంటే ఆస్పత్రికి తీసుకెళ్లాను. అంగిట్లో తెల్లమచ్చలున్నాయి.

“క్యాన్సర్ కాదు. కానీ అడ్డపొగ మానకపోతే రేపు అదే కావచ్చు,” అంది డాక్టరమ్మ.

తిరిగొస్తూ ఆటోలో ఆవిడ కళ్లు తుడుచుకుంది. “సుట్ట కాల్చడం సచ్చిపోయిన మాయమ్మ నేర్పింది బాబూ. ముట్టిస్తే ఆయమ్మ పక్కన కూకున్నట్టుంటాది. ఈ ఊర్ల నాకింకెవులున్నారు?”

అయినా మానేసింది. మచ్చలు తగ్గాయి.

కొన్నాళ్లకు నా గది గుమ్మం దగ్గరికొచ్చి, మొహమాటంగా నిలబడింది.

“మీయమ్మతో మాటాడినపుడు ఫోను స్పీకర్లో ఎట్టు బాబూ. నానేటీ మాటాడను. ఇనుకుంటాను.”