పై అంతస్తు ఎవరడిగారు

ఆరేళ్లుగా రెండు అబద్ధాలు మోస్తున్నాను. రెండూ ఒకే శుక్రవారం మధ్యాహ్నం, పది నిమిషాల తేడాతో చెప్పినవి. మొదటిది మా అన్నకు, రెండోది మా అమ్మకు. అమ్మను మేము అవ్వ అంటాం. పేర్లు రాయను. మాది బోధన్, రుద్రూర్ మధ్య ఒక ఊరు. స్లాబు మీద తొమ్మిది చోట్ల ఇనుప చువ్వలు పైకి లేచి ఉన్న ఇల్లు మాది. అలాంటి ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి, కాబట్టి మీరు గుర్తుపట్టలేరు.

ఆ చువ్వల నుంచే మొదలుపెడతాను.

బాపు, మా నాన్న, పోయాక అన్న ట్రాక్టరు మీద చెరుకు తోలేవాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మస్కట్ వెళ్లాడు, సెంట్రింగ్ పనికి. నేను నిజామాబాద్‌లో సివిల్ డిప్లొమా చేసి ఇంజనీరింగ్‌లో చేరాను. అన్న పంపిన డబ్బుతో ఇల్లు కట్టినప్పుడు ప్లాను నేనే గీశాను. అది ఒక్క అంతస్తు ఇల్లు. కానీ పునాదులు రెండు అంతస్తులకు సరిపడా వేయించాను, మెట్లు పెట్టించాను, మా వైపు మీదిల్లు అనే పై అంతస్తు కాలమ్‌ల కోసం చువ్వలు వదిలించాను. ఎవరూ అడగలేదు. చదువుకున్నది చూపించుకోవాలనిపించింది, అంతే. అప్పటికి అందులో తప్పేమీ లేదు.

ఆ శుక్రవారం అన్నకు సెలవు. ఫోన్ చేశాడు. ముఖ్యమైన మాటలన్నీ నా ద్వారానే నడిచేవి. ఫోన్ చేతికిస్తే అవ్వకు ఏడుపు తప్ప మాట వచ్చేది కాదు. “తిన్నవా బిడ్డా” అని ఇచ్చేసేది.

“అగ్రిమెంటు అయిపోతున్నది తమ్మీ,” అన్నాడు అన్న. “కంపెనోడు మళ్ల రెండేండ్లు రాయమంటుండు. మీదిల్లు ఏద్దామంటె ఉంట, లేకుంటె వచ్చేస్త. అవ్వనడుగు. ఆమె ఎట్లంటె గట్ల.” తర్వాత నవ్వాడు. “నేనొస్తె మాత్రం నీ నంబరే. పాస్‌పోర్టు తీసి పెట్టుకో ఇంజనీరు సాబ్.”

వేళాకోళమే. కానీ మా ఇంట్లో అది వేళాకోళం మాత్రమే కాదు. ఇద్దరిలో ఒకరు బయట ఉండాలన్నది ఎవరూ పైకి అనని నియమం. వీడియోలో అన్న గది చూశాను. నాలుగు ఇనుప మంచాలు, ఒక్కోదానికి కింద ఒకరు, పైన ఒకరు. కిటికీ లేదు.

అవ్వ అరుగు మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. అడిగాను. తల కూడా ఎత్తలేదు.

“అడుగుడేందిరా? రమ్మను. మీదిల్లెందుకు, కిందిది ఊడ్సుడే అయితలేదు. వాడు వస్తె సాలు.”

సిగ్నల్ కోసమన్నట్టు రోడ్డు దాకా నడిచాను. అన్నకు ఫోన్ చేశాను. “అవ్వ మీదిల్లు గుడ ఏద్దామంటున్నదన్నా. ఇంకో రెండేండ్లు ఉండుమంటున్నది” అన్నాను.

“సరే తియ్” అన్నాడు అన్న.

తిరిగి వచ్చి అవ్వకు చెప్పాను. “అన్న రాడట. ఇంకో రెండేండ్లు ఉంటడట.”

కత్తెర ఆగింది. “వాని ఇష్టం” అంది. మళ్లీ కత్తిరించింది.

ఎందుకు చెప్పాను? చదువు కోసమని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిలవదు. ఫీజులో ఎక్కువ భాగం ప్రభుత్వమే కట్టింది, మిగిలింది నేను ఏదో పని చేసుకుని కట్టుకోగలిగేవాణ్ని. నిజం అంతకంటే చిన్నది. ఆ గదిలో పై మంచం నాది కాకూడదనుకున్నాను. అందుకు నా కారణం నేను చెప్పుకోవచ్చు కదా. “నాకు భయంగా ఉందన్నా, నువ్వే ఉండు” అంటే అన్న ఉండేవాడేమో కూడా. అవ్వ నోటిని ఎందుకు వాడుకున్నాను? ఆమె మాటైతే ఎదురు ఉండదని తెలుసు కనుక.

ఆ తర్వాత కూడా వాళ్లిద్దరూ ఫోన్‌లో తిండి గురించి, వానల గురించి రెండు మాటలే అనుకున్నారు. అవ్వ మరెప్పుడూ రమ్మనలేదు. అన్న కూడా వస్తానని అనలేదు. ఒకరి మనసు ఒకరు కష్టపెట్టకూడదని ఇద్దరూ జాగ్రత్తపడ్డారు. నేను మధ్యలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

ఆ శుక్రవారం తర్వాత పదమూడో నెలలో అవ్వ పోయింది. జ్వరమని నిజామాబాద్ ఆస్పత్రికి తీసుకుపోయాం, నాలుగు రోజులే. అవ్వ దహనాన్ని అన్న ఫోన్‌లో చూశాడు. పదకొండో దినానికి చేరుకున్నాడు. అవ్వ ఫొటో ముందు కూర్చుని, “అవ్వకు నాకంటె మీదిల్లే ముద్దాయె” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను అప్పుడే చెప్పాల్సింది. చుట్టాలున్నారనుకున్నాను. చుట్టాలు వెళ్లిపోయాక అన్న ఏడుస్తున్నాడనుకున్నాను. తర్వాత ఆయన తిరిగి వెళ్లిపోయాడు.

గడువు పూర్తి చేసుకుని వచ్చాడు. ఇక్కడే సెంట్రింగ్ పనులు పట్టుకున్నాడు. ఆయనకు పెళ్లయి ఏడాది. వానలకు ముందు ప్రతిసారీ పైకెక్కి, తుప్పు పట్టకుండా చువ్వలకు సిమెంటు పాలు పూస్తాడు. ఈ సోమవారం వీసా కోసం మెడికల్ పరీక్షకు హైదరాబాద్ వెళ్లాలి. మళ్లీ మస్కటే.

ఎందుకని ఈ పొద్దున స్లాబు మీద అడిగాను.

“అవ్వ నన్ను జిందగీల ఒక్కటే అడిగింది తమ్మీ,” అన్నాడు చువ్వకు పూస్తూ. “అది గుడ చెయ్యకపోతె ఎట్ల?”

చెప్పేశాను. వరుసగా చెప్పాలని ఎన్నిసార్లు మనసులో రాసుకున్నానో, ఏదీ వరుసలో రాలేదు.

ఆయన కొట్టలేదు. తిట్టలేదు. “అవ్వ ఏమన్నది? ఆమె అన్నట్టే చెప్పు” అన్నాడు.

చెప్పాను.

“మళ్ల చెప్పు.”

చెప్పాను. మూడోసారి అడిగాడు. మీదిల్లెందుకు, కిందిది ఊడ్సుడే అయితలేదు, వాడు వస్తె సాలు. బ్రష్షు బకెట్‌లో వదిలేసి, నా ముఖం చూడకుండా మెట్లు దిగిపోయాడు.

ఇది రాస్తున్నప్పటికి మధ్యాహ్నమైంది. అన్న సోమవారం వెళతాడో లేదో తెలియదు. క్షమించమని అడగలేదు, అడిగే హక్కు నాకు లేదు. బకెట్‌లో సిమెంటు గట్టిపడింది, బ్రష్షు అందులోనే ఇరుక్కుపోయింది. అలా అవుతుందని తెలిసీ తీయలేదు.

ఆరేళ్లు ఆలస్యంగానైనా అవ్వ మాట అన్నకు చేరింది. ఛాతీలో ఒక పక్క తేలికైన మాట నిజమే, దాచను. రెండో పక్క అలాగే ఉంది. పెద్దకొడుకు రానన్నాడనే నమ్మి అవ్వ వెళ్లిపోయింది. ఆ మాట వెనక్కి తీసుకుందామంటే వినేవాళ్లు లేరు. అందుకే మీకు రాస్తున్నాను. అన్న రానని అనలేదు. అవ్వా, నిన్ను అడగమన్నాడు.