మాఘమాసంలో అడిగిన ప్రశ్నలు

1988 ఏప్రిల్ 15, శుక్రవారం, పొద్దున ఏడు గంటలకు బాగేపల్లి తాలూకా చాకవేలు దగ్గర నారెప్ప చేనులో బోరు రిగ్గు మొదలైంది. మధ్యాహ్నం బువ్వ వేళకు ఆపేసినారు. తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. నా ఉద్యోగంలో పాసైన ప్రాజెక్టులూ చూసినాను, ఫెయిలైనవీ చూసినాను. ఇది పాసైంది. మార్కులు కూడా బాగా వచ్చినాయి. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అప్పుడు నేను చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటా, ఆఖరి ఏడాది పిల్లోళ్ళకు ప్రాజెక్ట్ గైడ్‌గా ఉంటిని. గైడ్ అంటే ప్రోగ్రాం రాసిచ్చేవాడు కాదు. పిల్లోళ్ళను క్లయింట్ దగ్గరికి, అంటే నిజంగా పని కావలసిన మనిషి దగ్గరికి తీసుకుపోయి, అది అయ్యేదాకా వెనక నిలబడేవాడు. నేను మురుగమల్ల పక్క గొర్లు కాసుకుంటా, పదహారేళ్ళు వచ్చినాక రాత్రి శాలెలో బలపం పట్టినోణ్ణి. పెద్ద చదువులోళ్ళంటే నాకు భయమూ లేదు, భక్తీ లేదు. పని చేస్తే మనిషి, లేకుంటే లేదు.

ఆ ఏడు మా క్లయింట్ బాగేపల్లిలో నీళ్ళ పనులు చేసే ఒక సంఘం. దాన్ని నడిపే సరోజమ్మ మాకు చెప్పింది ఇది: ఊర్లలో బావుల లోతు, ఎండాకాలంలో నీటి మట్టం రాసుకొని కంప్యూటర్లో వేస్తే, బోరు యాడ వేయాల్నో తెలుస్తాది గదా అని. బావుల వివరాలే ఇన్‌పుట్, అంటే మిషన్‌కు మేము పెట్టే మేత. పని తీసుకున్నది సుజాత, మంజునాథ.

సుజాతది చింతామణిలో సేద్యమూ, శనక్కాయల వ్యాపారమూ ఉండే ఇల్లు. మొగపిల్లోనితో ఒంటరిగా ఊర్లమీద పంపేకి వాళ్ళ నాయన ఒప్పుకోలేదు. తోడుగా మేనత్త కాంతమ్మను పంపినాడు. కాంతమ్మ ఊరికి పోవల్నంటే పట్టుచీర లేకుండా పోదు. అద్దె కారులో ముగ్గురూ మాఘమాసమంతా తిరిగినారు. ఎన్నెకరాలు, బావి ఎంత లోతు, ఎండలకు నీళ్ళు నిలుస్తాయా, ఎవరికెంత వంతు, ఇవీ ప్రశ్నలు. పిల్లోళ్ళు శ్రద్ధగా రాసుకున్నారు. చాకవేలు పక్క ఒక్క బావి కూడా ఎండేది లేదని తేలింది.

"ఇంత నీళ్ళుంటే ఆ ఊరోళ్ళు సంఘానికి అర్జీ ఎందుకిస్తారమ్మా?" అని సరోజమ్మను అడిగితిని.

"బావులుండేది ఉన్నోళ్ళకు సార్. అర్జీ పెట్టేది లేనోళ్ళు" అనింది. సరిగ్గానే ఉండాది అనిపించింది.

ప్రింటర్ కాగితంమీద చుక్క పడింది నారెప్ప చేనులో. పట్టుపురుగులు మేపే మనిషి. ఉండేది ఆ కాస్త మల్బరీ తోటే. అన్న ఆదెప్పతో కలిసిన పాతబావిలో ఆయనకు వంతు ఉండాది, తన దినం వచ్చినప్పుడు తోడుకోవల్ల. సంఘం నియమం ఏమంటే, బావిలో వంతున్నోనికి బోరు వేసేది లేదు.

నారెప్ప నన్ను పక్కకు పిలిచి అడిగినాడు. "సార్, ఈ జాగా మీరు చెప్పినారా, మిషన్ చెప్పినాదా?"

"మిషనే చెప్పింది."

"అట్లయితే సరే. మనుషులు చెప్పేది నమ్మను నేను."

ఊరి పెద్దల ముందర చెంబుతో నీళ్ళు అన్న చేతిలో ధార పోసి వంతు వదిలేసినాడు. అట్ల ధార పోసినాక తిరిగి అడిగేది ఆ పక్క లేదు. అడిగినోనికి మళ్ళీ ఎవరూ వంతు కలపరు.

రిగ్గు ఆగినాక సుజాత కాగితాలు పట్టుకొని ఆదెప్ప పెండ్లాము చౌడమ్మ దగ్గరికి పోయి, "అమ్మా, మీ బావిలో ఎండాకాలం రెండు మోటార్లు ఆడతాయని మీరే చెప్తిరి గదా" అనింది.

చౌడమ్మ ఆ పిల్ల మొగం చూసి అనింది, "మాఘమాసం, కారు, పట్టుచీర. ఎన్నెకరాలు, నీళ్ళుండాయా అని అడిగితే ఏమనుకుంటాము తల్లీ? పిల్లనిచ్చేవాళ్ళు చూసేకి వచ్చినారనుకుంటిమి. నీళ్ళు లేవంటే మా శీనకు పిల్లనెవరిస్తారు?"

"మరి పక్కింటోళ్ళూ అట్లే చెప్పినారే?"

"ఒకరింటి సంబంధం చెడగొడతారా ఎవరైనా? మేమూ వాళ్ళకట్లే చెప్తిమి."

కాంతమ్మ గొంతు తగ్గించి సుజాతతో, "నేను కూడా నీ జాతకం అడుగుతారేమో అని చూస్తాంటినే" అనింది.

నారెప్ప మల్బరీ ఆ ఎండలకే పోయింది. ఆదెప్ప వంతు తిరిగి ఇచ్చేకి సిద్ధమే, పెద్దలు ఒప్పుకోలేదు. ఆకు లేక నారెప్ప పురుగులను దిబ్బలో పోసినాడంట. సంఘానికి ఇంకో బోరు వేసే శక్తి లేకపోయె. మరుసటేడు పేరేసంద్రలో బస్సు దిగి టీకని పోతే, రోడ్డు పక్క హోటల్లో కావడితో నీళ్ళు మోస్తా కనిపించినాడు. నన్ను చూసి కావడి దింపినాడు.

"కూర్చో సార్. టీ చెప్తా."

నేను అడగకుండా ఉండలేకపోతిని. "నారెప్పా, ఊర్లో అందరూ అబద్ధం చెప్పినారని నీకు ముందే తెల్సునా?"

"తెలీకేమి. నేనూ చెప్తిని గదా, మా అన్న కొడుకు కోసం."

"మరి వంతు ఎందుకు వదిలేస్తివి?"

"మనుషుల్ని మోసం చేస్తిమి సార్. మిషన్ గూడా మోసపోతాదని నాకేం తెల్సు? అబద్ధం ఏదో, నిజం ఏదో అది కనిపెట్టినాకనే చెప్తాదనుకుంటిని." కావడి ఎత్తుకొని లోపలికి పోయినాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా పిల్లోళ్ళకు నేను నేర్పింది ఇంతే. మనం ఏం అడిగినామో దానికి కాదు జనం జవాబు చెప్పేది, మనం ఎవరమని వాళ్ళనుకున్నారో దానికి. ఇంటిముందర నిలబడగానే ఏం పనిమీద వచ్చినామో చెప్పండి, చెప్పినాక వాళ్ళకేం అర్థమైందో వాళ్ళ నోటితోనే చెప్పించండి, ఆమీద కాగితం తీయండి. ఇది సాఫ్ట్‌వేర్ పుస్తకాల్లో ఉంటాదో లేదో నాకు తెలీదు. నారెప్పకు మాత్రం ఇది పనికిరాలేదు.

ఆ శుక్రవారం చేనులో ఉన్నోళ్ళు: సరోజమ్మ, సుజాత, మంజునాథ, కాంతమ్మ, నేను. రిగ్గుమీద ముగ్గురు తమిళ పనోళ్ళు, పేర్లు అడగలేదు. ఆదెప్ప, చౌడమ్మ, వాళ్ళ కొడుకు శీన. నారెప్ప. ఆయన పెండ్లాము లచ్చుమక్క, మొదటి నీళ్ళు పట్టేకని కడిగి తెచ్చిన బిందె నడుముకు పెట్టుకొని, మేమంతా కారెక్కేదాకా అట్లే నిలబడి.