అన్నం చెయ్యి

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదట్నుంచీ నమ్మకం లేదండీ. గోల్‌కీపర్‌గా బతికినవాణ్ణి, దెయ్యాలకన్నా మా సొంత డిఫెండర్లంటేనే నాకెక్కువ భయం. అయినా ఈ ఒక్కటి మాత్రం జరిగింది.

మాది ఉయ్యూరు. నాన్న చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తొంభైల్లో నేను స్కూలు గ్రౌండులో గోల్‌లో నిలబడితే, వెనక చెరుకు తోటలో పడ్డ బంతులు ఏరి తెచ్చేది మా సుజాతక్క. కొట్టేవాడి కాలు చూసి బంతి ఎటు వస్తుందో ముందే కనిపెట్టేది. గోల్ వెనకనుంచి అరిచి నాకు చెప్పేది. కుడి, ఎడమ అనేది కాదు. "అన్నం చెయ్యి" అనేది.

అన్నం చెయ్యంటే ఎవరికైనా కుడి చెయ్యే. కానీ మా అక్కది ఎడమచేతి వాటం. నాయనమ్మ ఎన్ని మొట్టికాయలు వేసినా ఎడంచేత్తోనే తినేది. కాబట్టి మా ఇద్దరికీ అన్నం చెయ్యంటే ఎడమ. అది విన్నవాడు నేను కుడికి దూకుతాననుకుని ఎడమకి కొట్టేవాడు. నేను అక్కడే కాచుకుని ఉండేవాణ్ణి. ఈ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆటే నన్ను రెండు వేల సంవత్సరం దాటాక మాల్దీవుల్లో ఒక క్లబ్బుకి తీసుకెళ్ళింది. తమ్ముడు ఫారిన్‌లో ఆడుతున్నాడని అక్క బజారంతా చెప్పుకుంది. నేను అక్కడుండగానే తనకి కిడ్నీలు పాడయ్యాయి. విజయవాడ ఆసుపత్రిలో చేర్చారు. వచ్చేస్తానని ఫోన్ చేస్తే తిట్టింది.

"గోల్ ఖాళీగా వదిలేసి ఎవడైనా వస్తాడట్రా? ఫైనల్ ఆడి రా. నేనెక్కడికీ పోను," అంది.

మ్యాచ్ మర్నాటికి టికెట్ తీసుకున్నాను. అక్కని ఒక్కసారి చూస్తే చాలనే తప్ప నా బుర్రలో ఇంకేం లేదు.

ఫైనల్ సాయంత్రం జరిగింది. డ్రా అయి పెనాల్టీల దాకా వెళ్ళింది. చివరిది కొట్టడానికి వచ్చినవాడు ఎప్పుడూ కీపర్ కుడివైపే కొడతాడని మా కోచ్ ముందే చెప్పాడు. నేనూ అటే దూకుదామని సిద్ధమయ్యాను. అప్పుడు వెనకనుంచి వినిపించింది.

"అన్నం చెయ్యి!"

అచ్చంగా అక్క గొంతు. ఆలోచించలేదు, ఎడమకి దూకేశాను. బంతి వచ్చి అరచేతులకి తగిలింది. లేవగానే వెనక్కి చూశాను. వల వెనక ఫోటోలు తీసేవాళ్ళిద్దరు, ఒక పోలీసు ఉన్నారు. నాకు తెలిసి ఆ ఊళ్ళో తెలుగొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. జట్టంతా నామీద పడి గంతులేస్తుంటే నేను మాత్రం వల వెనకే వెతుకుతున్నాను.

రూముకి రాగానే ఇంటినుంచి ఫోన్. అక్క పోయింది, ఆ సాయంత్రమే.

దహనం చెయ్యకుండా నాకోసం ఉంచారు. వెళ్ళి అక్క ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పక్కన అమ్మ ఏడవడం లేదు, ఒకటే మాట చెప్తోంది. కొన్నాళ్ళుగా అక్క మెతుకు ముట్టలేదట. ఆ సాయంత్రం ఉన్నట్టుండి కళ్ళు తెరిచి గట్టిగా "అన్నం చెయ్యి" అందట. బిడ్డకి ఆకలేసిందని అమ్మ సంబరపడి, ఆసుపత్రి పక్క వీధిలో ఉన్న పిన్ని వాళ్ళింటికి పరిగెత్తి ఎసరు పెట్టిందట. క్యారియర్‌తో వచ్చేసరికి అక్క లేదు.

"అన్నం అడిగి ఆకలితో పోయిందిరా నా తల్లి." వచ్చినవాళ్ళందరికీ అదే చెప్తోంది.

కర్మలన్నీ అయ్యాక అమ్మని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మా సంకేతం, ఎడమచెయ్యి, ఆ పెనాల్టీ, అన్నీ. అక్క అన్నం అడగలేదమ్మా, నాకు చెప్పింది అన్నాను.

"ఎటు దూకావు?" అంది అమ్మ.

ఎడమకన్నాను. అప్పుడు ఏడ్చింది, అక్క పోయాక మొదటిసారి.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆట మానేసి పిల్లలకి నేర్పుతున్నాను. కాకతాళీయం అన్నవాళ్ళున్నారు, అలసటకి చెవులు మోగి ఉంటాయన్నవాళ్ళున్నారు. అననివ్వండి. నేను విన్నది విన్నాను, ఎలా విన్నానో మాత్రం నాకూ తెలీదు.

అమ్మ నన్ను నమ్మింది. అయినా ఏటా అక్క తిథినాడు పొద్దున్నే లేచి ఎసరు పెడుతుంది, పొగలు కక్కే అన్నం విస్తట్లో వడ్డిస్తుంది. అక్క నాకోసం అరిచిందని తెలుసు కదమ్మా అంటే తల ఊపుతుంది.

"తెలుసురా. కానీ ఏమో, ఆకలి కూడా వేసిందేమో," అంటుంది.